తీగ తెగినా మాట తెగదు

పిల్లలూ, ఒక పిట్ట, ఒక సీతాకోకచిలుక, ఒక గులాబి పువ్వు, ఒక నీలమణి! ఈ నాలుగింటి పేర్లూ చెబితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పెద్దవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. ఎందుకో చెప్పగలరా?

ఈ నాలుగూ తుఫాన్ల పేర్లు. బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు 2004 నుంచి తుఫాన్లకు పేర్లు పెడుతున్నాయి. మొదట ఎనిమిది దేశాలుండేవి, ఇప్పుడు పదమూడయినాయి. థాయిలాండు ఇచ్చిన పేరు ఫైలిన్. ఆ మాటకు నీలమణి అని అర్థం. అది 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపూర్ దగ్గిర తీరం దాటి, పొరుగునే ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలను అల్లాడించింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. హుద్‌హుద్ అంటే నెత్తిన విసనకర్ర లాంటి జుట్టు గల ఒక పిట్ట. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చింది. 2018 అక్టోబరు 11న, ఇంకా తెల్లవారకుండానే, తిత్లీ పలాస దగ్గిర తీరం చేరింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. ఈ రెండు పేర్లూ పాకిస్తాన్ ఇచ్చినవి.

పేర్లు ఎంత ముచ్చటగా ఉంటే ఏం లాభం? తిత్లీ వచ్చిన నాడు గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానం కొబ్బరి తోటలూ, జీడిమామిడి తోటలూ, పనస చెట్లూ వేళ్ళతో సహా లేచిపోయినాయి. కొబ్బరి మొక్క కాపుకు రావటానికి కొన్నేళ్ళు పడుతుంది. తాతలు నాటిన తోట ఒక్క పూటలో నేలమట్టమయింది.

అయితే చెట్లు పడినప్పుడు వాటితోపాటు మరొకటి కూడా పడిపోతుంది. అది పైకి కనిపించదు. అదే మాట. అంటే, ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోయే కబురు.

సెల్‌ఫోను ఎందుకు మూగబోతుంది?

"సెల్‌ఫోనుకు తీగ లేదు గదా! చెట్టు పడితే దానికేం?" అని మీరు అడగవచ్చు.

తీగ లేని మాట నిజమే, కాని అది మీ చేతిలోని ఫోను నుంచి దగ్గిరలో ఉన్న టవరు దాకానే. అక్కడి నుంచి మీ మాట చాలా చోట్ల భూమిలో పాతిన గాజు తంతుల గుండానో, స్తంభాల మీద వేలాడే తంతుల గుండానో ప్రయాణం చేస్తుంది. పెద్ద చెట్టు వేళ్ళతో లేస్తే ఆ తంతి పుటుక్కున తెగుతుంది. టవరుకు కరెంటు కావాలి. కరెంటు స్తంభాలు కూలితే టవరు బాటరీల మీద కొన్ని గంటలు పనిచేస్తుంది. తరవాత జనరేటరు నడవాలి. జనరేటరుకు డీజిలు కావాలి. రోడ్డు మీద చెట్లు పడి ఉంటే డీజిలు బండి రాలేదు. ఇవన్నీ గొలుసులో లింకుల లాంటివి. ఏ ఒక్క లింకు తెగినా గొలుసు తెగినట్టే.

ఒకవేళ ఒక టవరు బతికి బయటపడిందే అనుకోండి. అప్పుడు ఆ చుట్టుపట్ల వాళ్ళంతా ఒక్కసారే ఫోన్లు చేస్తారు. సంతలో ఒకే గుమ్మం గుండా ఊరంతా బయటికి పోవాలని తోసుకుంటే ఏమవుతుంది? ఎవరూ పోలేరు. ఆ టవరు గతీ అంతే.

మాట ఆగిపోతే ఏమిటి నష్టం? ఆలోచించండి. ఒక ఊళ్ళో నిండు గర్భిణికి నొప్పులు వస్తున్నాయి. ఏ దారిలో చెట్లు తీశారో తెలిస్తేనే ఆమెను ఆ దారిన తీసుకుపోగలరు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారు చాలామంది ఉన్నారు. జబ్బు ముదిరిన వారికి వారానికి రెండు మూడుసార్లు యంత్రంతో రక్తాన్ని శుభ్రం చెయ్యాలి. ఆ యంత్రానికి కరెంటూ కావాలి, మంచినీళ్ళూ కావాలి. ఏ ఆస్పత్రిలో అది నడుస్తున్నదో తెలియకపోతే ఆ రోగి ఎటు పోవాలి? తిత్లీ పోయిన తరవాత వంశధార పొంగింది. ఆ నది ఒడిశా కొండలలో పుట్టి మన వైపు వస్తుంది. అటువంటి నది ఎగువన ఎంత పొంగిందో దిగువ ఊళ్ళకు కొన్ని గంటలు ముందుగా తెలిస్తే మనుషులూ, పశువులూ మెరకకు చేరతారు. తెలియకపోతే నీరే వచ్చి ఆ సంగతి చెబుతుంది.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. వేలకు వేల మంది చనిపోయారు. టెలిఫోను తీగలూ, తంతి తీగలూ తెగిపోవటం చేత, జరిగిన ఘోరం ఎంతటిదో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. సాయం ఆలస్యం కావటానికి, కబురు ఆలస్యం కావటం కూడా ఒక కారణమే.

జీతం లేని ఉద్యోగులు

ఇటువంటి వేళ, తంతులూ టవర్లూ ఏవీ అక్కరలేకుండా మాట పంపగలవారు కొందరున్నారు. వాళ్ళను హామ్‌లంటారు. వాళ్ళు చేసే పనికి అమెచ్యూర్ రేడియో అని పేరు. అమెచ్యూర్ అంటే డబ్బు కోసం గాక, ఇష్టం కొద్దీ చేసేవాడు. హామ్‌లలో బడిపిల్లలుంటారు, పంతుళ్ళుంటారు, వైద్యులుంటారు, మెకానిక్కులుంటారు, ఇంటి పని చూసుకునే తల్లులుంటారు. పగలంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని, తీరిక వేళ తమ సొంత రేడియో స్టేషను ముందు కూచుని దేశదేశాల వాళ్ళతో మాట్లాడతారు.

మన ఇంట్లో రేడియో వినటానికి మాత్రమే పనికివస్తుంది. హామ్ దగ్గిరి సెట్టు వింటుంది, మాట్లాడుతుంది కూడా. అందుకే దానికి ప్రభుత్వం లైసెన్సు కావాలి. కేంద్ర ప్రభుత్వపు టెలికాం శాఖ వారు పరీక్ష పెడతారు. పన్నెండేళ్ళు నిండినవారు ఎవరైనా రాయవచ్చు. పరీక్ష ప్యాసయి లైసెన్సు పొందినవారికి ఒక పిలుపు పేరు ఇస్తారు. మన దేశపు పిలుపు పేర్లు చాలా వరకు వి.యు.2, వి.యు.3 అని మొదలవుతాయి. ఆ పేరు ప్రపంచంలో మరెవరికీ ఉండదు. ఒకప్పుడు మన ప్రధానమంత్రిగా ఉన్న రాజీవ్ గాంధీ కూడా హామే. ఆయన పిలుపు పేరు వి.యు.2 ఆర్.జి.

ఈ విద్య మన దేశానికి కొత్తది కాదు. 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో, మధ్యన తీగ అనేది లేకుండా, విద్యుత్ తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించి చూపాడు. 1921లో అమరేంద్ర చంద్ర గుప్తు మన దేశంలో మొట్టమొదటి హామ్ అయినాడు. మన తెలుగుదేశంలో, 1983లో, హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలిసింది. ఈ విద్య నేర్పటమూ, ఆపద వచ్చినప్పుడు హామ్‌లను సెట్లతో సహా పంపటమూ ఆ సంస్థ పని.

హామ్‌లకు కొన్ని గట్టి నియమాలున్నాయి. రేడియో మీద వ్యాపారం మాట్లాడరాదు. పాటలు వెయ్యరాదు. ఎవరికి ఎంత సాయం చేసినా డబ్బు పుచ్చుకోరాదు.

మాట ఎలా పోతుంది?

హామ్‌ల మాట పోవటానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటి దారి తిన్నని దారి. చేతిలో పట్టే చిన్న సెట్టు నుంచి వెలువడే తరంగం, టార్చిలైటు వెలుగు లాగా తిన్నగా పోతుంది. మధ్యన కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. విజయనగరం మైదానంలో నిలబడి మాట్లాడితే కొన్ని కిలోమీటర్లు పోతుంది. కాని కురుపాం, సీతంపేట కొండల వెనక ఉన్నవారికి అది అందదు. అందుకని ఎత్తయిన కొండ మీద రిపీటరు అనే పెట్టెను పెడతారు. మెట్ట మీద నిలబడ్డ మనిషి ఇటు వాళ్ళు వేసిన కేక విని, అదే కేకను అటు వాళ్ళకు వేసినట్లు, రిపీటరు ఒక వైపు మాట విని రెండో వైపుకు చెబుతుంది. తుఫానులో ఆ పెట్టెకు కరెంటు లేకపోతే మాత్రం అది మూగది. అందుకే దానికి మంచి బాటరీలు పెట్టి ఉంచాలి.

రెండవ దారి వింతయినది. అది ఆకాశాన్ని తాకి వచ్చే దారి. మన తలల పైన ఎనభై కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు వరకు ఉన్న పలచని గాలిని సూర్యకాంతి విద్యుత్ కణాలుగా విడగొడుతుంది. ఈ పొరలను అయనోస్ఫియర్ అంటారు. కొన్ని రకాల రేడియో తరంగాలు ఈ పొరలను తాకి, గోడకు కొట్టిన బంతి లాగా తిరిగి నేలకు వస్తాయి. మధ్యన కొండ ఉంటేనేం, సముద్రం ఉంటేనేం? తరంగం వాటి మీదుగా దూకి పోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. రేడియో తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. హామ్‌లు తరచుగా వాడే ఒక తరంగం సెకనుకు 70 లక్షల సార్లు ఊగుతుంది. 30 కోట్లను 70 లక్షలతో భాగించండి. సుమారు 43 వస్తుంది. అంటే ఆ తరంగం పొడవు దాదాపు 43 మీటర్లు. ఏరియల్ తీగ ఇందులో సగం ఉండాలి. ఆచరణలో ఇంకా కాస్త తగ్గించి 20 మీటర్లు పెడతారు. అంటే పది మీటర్ల మామూలు రాగి తీగ ముక్కలు రెండు చాలునన్నమాట! రెండింటినీ మధ్యలో సెట్టుకు కలిపి, అటు చివర ఇటు చివర తాళ్ళతో కట్టాలి.

తీగను చాలా ఎత్తున కడితే మాట దూరదేశాలకు పోతుంది. రెండు నిలువుల ఎత్తునే కడితే మాట తిన్నగా పైకి పోయి, చిమ్మన గొట్టం నీళ్ళలాగా చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్లలో పడుతుంది. కొండల నడుమ ఉన్న లోయల్లో కూడా పడుతుంది. గాలివానలో విరగక మిగిలిన రెండు చెట్ల మొళ్ళు చాలు దాన్ని కట్టటానికి! ఇచ్ఛాపురం నుంచి విజయనగరానికీ, పార్వతీపురానికీ, విశాఖపట్నానికీ కబురు పంపటానికి ఇంతకన్న ఏం కావాలి? సెట్టుకు కారు బాటరీ ఒకటి చాలు. సూర్యుడు కనిపిస్తే దాన్ని సౌర పలకతో నింపుకోవచ్చు.

శ్రీహరికోట నుంచి 2005 మే 5న ఎగిరిన రాకెట్టు హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని ప్రపంచంలోని హామ్‌లందరి కోసం ఆకాశంలో నిలిపింది. అది తొమ్మిదేళ్ళకు పైగా, 2014 దాకా, పనిచేసింది. మన నేల మీది నుంచి ఎగిరిన ఆ బుల్లి ఉపగ్రహం గుండా ఎన్నో దేశాల వాళ్ళు పలకరించుకున్నారు.

ఆటగా మొదలై ఆపదలో ఆదుకున్నది

ఇప్పుడొక నిజంగా జరిగిన కథ వినండి. అండమాన్ దీవులలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి పడవలెక్కి పోయి అక్కడ స్థిరపడినవారే. ఆ దీవుల ముఖ్యపట్టణం పోర్టుబ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

2004 డిసెంబరులో, హైదరాబాదు సంస్థ ఏర్పాటు చేసిన హామ్‌ల బృందం ఒకటి పోర్టుబ్లెయిర్ చేరింది. ఆ బృందానికి నాయకురాలు భారతీ ప్రసాద్. ఆమె ఢిల్లీ హామ్. ఆమె పిలుపు పేరు వి.యు.2 ఆర్.బి.ఐ. అండమాన్ నుంచి హామ్‌లు మాట్లాడటం ఎన్నో ఏళ్ళుగా లేదు. అందుచేత ఆ దీవులతో ఒక్కసారి మాట్లాడామనిపించుకోవాలని లోకంలోని హామ్‌లంతా తహతహలాడుతున్నారు. ఆ బృందం ఒక హోటల్లో స్టేషను పెట్టి, రాత్రనక పగలనక వేలమందికి జవాబు చెబుతున్నది. అప్పటికి అదంతా ఒక సరదా, ఒక ఆట.

డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర ప్రాంతాన భూమి ఊగిపోయింది. కాసేపటికి సముద్రం లేచి ఊళ్ళ మీద పడింది. అదే మహా సునామీ. కరెంటు పోయింది. టెలిఫోన్లు మూగబోయినాయి. దీవులకూ మన నేలకూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం.

భారతీ ప్రసాద్, ఆమె తోటివారు ఆట కట్టిపెట్టి, స్టేషనును మళ్ళీ నిలబెట్టారు. నిన్నటిదాకా "మీ మాట చక్కగా వినిపిస్తున్నది, ధన్యవాదాలు" అన్న గొంతు, ఇప్పుడు "మేం బతికే ఉన్నాం అని మా వాళ్ళకు చెప్పండి" అన్న కబుర్లు పంపసాగింది. మన నేల మీది హామ్‌లు ఆ కబుర్లు రాసుకుని, ఆయా కుటుంబాలకు ఫోన్లు చేసి చెప్పారు. తరవాత కారు నికోబార్ దీవిలో కూడా హామ్‌లు స్టేషను పెట్టారు.

వాళ్ళు ఆపద కోసం పోలేదు. ఆపద వాళ్ళున్న చోటికి వచ్చింది. అప్పటికే వాళ్ళ తీగలు కట్టి ఉన్నాయి, చెవులు పదును పెట్టి ఉన్నాయి. అందుకే పనికివచ్చారు.

అంతకు ముందు, 1999 అక్టోబరు 29న ఒడిశాను మహా తుఫాను ముంచెత్తినప్పుడు కూడా హామ్‌లు పోయి సెట్లు పెట్టారు. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం విమానాశ్రయపు కప్పును సైతం లేపేసి, ఫోన్లన్నిటినీ నోరు నొక్కినప్పుడు, హైదరాబాదు హామ్‌లు సెట్లూ బాటరీలూ తీగలూ మోసుకుని ఉత్తరాంధ్రకు వచ్చారు. ఎవరి ఇల్లూ వాళ్ళకు చుట్టం కాదు. అయినా వచ్చారు.

"ట" పనికిరాదు

సెట్టు ఉండగానే సరిపోదు. దాన్ని వాడటానికి క్రమశిక్షణ కావాలి.

ఆపద సమయంలో హామ్‌లందరికీ ఒకరు పెద్దగా ఉంటారు. తరగతిలో పంతులుగారు పేరు పెట్టి పిలిస్తేనే లేచి మాట్లాడినట్లు, ఆ పెద్ద పిలిస్తేనే మాట్లాడాలి. ఒకే తరంగం మీద ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది. ప్రాణాపాయం గల కబురు ఉన్నవారికి మాత్రం ముందు దారి ఇస్తారు. మిగిలినవారు గంటల తరబడి నోరు మూసుకుని వినాలి. ఈ వినటమే అన్నిటికన్న కష్టమైన పని!

కబురును ముందు కాగితం మీద రాయాలి. ఎవరు పంపుతున్నారు, ఎవరికి, ఏ వేళకు, ఏం కావాలి అన్నీ ఉండాలి. "మంచినీళ్ళు లేక చచ్చిపోతున్నాం, తొందరగా రండి!" అంటే వినేవారికి జాలి కలుగుతుంది గాని, ఎన్ని బళ్ళు పంపాలో తెలియదు. "ఫలానా మండలం, ఫలానా ఊరి బడిలో 300 మంది ఉన్నారు. అందులో పసిపిల్లలు 22 మంది. తాగే నీరు ఈ రాత్రికి మాత్రమే ఉంది. తూర్పు రోడ్డు మీద చెట్లున్నాయి, పడమటి రోడ్డు బాగుంది." ఇదీ కబురంటే! దీన్ని విన్న అధికారి వెంటనే బండిని పడమటి రోడ్డున పంపగలడు.

మండలం పేరు ఎందుకంటారా? మన ప్రాంతంలో పేటలూ, వలసలూ, పురాలూ ఎన్నో ఉన్నాయి. ఒకే పేరు గల ఊళ్ళు రెండు మూడు చోట్ల ఉంటాయి. మండలం చెప్పకపోతే నీళ్ళ బండి మరో ఊరికి పోతుంది.

గరగర చప్పుడులో మాట సరిగా వినిపించదు. "మూడు" అంటే "ఏడు"లా వినిపించవచ్చు. ఇంగ్లీషులో "ఫైవు", "నైను" కలిసిపోతాయని, నైనును "నైనర్" అని పలుకుతారు. అంకెలను విడివిడిగా, రెండుసార్లు చెబుతారు. ఊరి పేరును అక్షరం అక్షరంగా, ఒక్కొక్క అక్షరానికి ఒక మాట చొప్పున పలుకుతారు. పలాస అని చెప్పాలంటే: "పాపా, ఆల్ఫా, లీమా, ఆల్ఫా, సియెర్రా, ఆల్ఫా." ఈ మాటలు ప్రపంచమంతటా ఒకటే. విన్నవాడు మొత్తం కబురును తిరిగి అప్పజెప్పాలి. సరిపోయిందంటేనే ఆ కబురు అందినట్టు లెక్క.

అన్నిటికన్న ముఖ్యమైన నియమం మరొకటి ఉంది. తుఫాను నాడు పుకార్లకు కాళ్ళే గాదు, రెక్కలు కూడా వస్తాయి. "పక్క ఊరు కొట్టుకుపోయిందట! ఆనకట్ట తెగిందట! వంద మంది పోయారట!" మన భాషలో ఈ చివరి "ట" ఒక్కటి చూశారా? నేను చూడలేదు, ఎవరో అన్నారు అని అది చెప్పకనే చెబుతుంది. ఈ "ట" ఉన్న మాట హామ్ నోట రాకూడదు. తాను చూసినదో, బాధ్యత గల మనిషి సంతకం పెట్టి ఇచ్చినదో మాత్రమే పంపాలి. ఒక్క తప్పుడు కబురు, నిజంగా మునుగుతున్న ఊరికి పోవలసిన పడవను మరో వైపు తిప్పుతుంది.

మాట బొత్తిగా వినిపించనప్పుడు మోర్సు అని ఒక పాత విద్య ఉంది. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు, ఈ రెండింటితోనే అన్ని అక్షరాలూ పలికిస్తారు. మనిషి గొంతు మునిగిపోయిన హోరులో కూడా ఆ సన్నని కూత చెవికి చేరుతుంది.

దీపం ఉండగానే

"ఇప్పుడు ఉపగ్రహ ఫోన్లున్నాయి, పోలీసులకు వైర్‌లెస్ ఉంది, విశాఖపట్నంలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. ఇంకా ఈ హామ్‌లెందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. అవన్నీ ఉండవలసినవే. వాటి వల్లనే ఈనాడు తుఫానుకు ముందే లక్షల మంది ఆశ్రయాలకు చేరుతున్నారు. కాని ఉపగ్రహ ఫోను ప్రతి ఊళ్ళోనూ ఉండదు. పోలీసుల వైర్‌లెస్ పోలీసుల పనితోనే తీరికలేక ఉంటుంది. ఆస్పత్రికీ ఆశ్రయానికీ మధ్య, ఒక ఊరికీ మరొక ఊరికీ మధ్య, మామూలు మనుషుల కబుర్లు మోసేవారు కూడా కావాలి. ఉడత సేతువు కట్టలేదు గాని, ఇసుక మోసింది గదా!

అయితే ఒక చిక్కుంది. దూరం నుంచి వచ్చే హామ్‌లు రోడ్లు బాగయితేనే రాగలరు. మొదటి రాత్రి, అన్నిటికన్న గడ్డు రాత్రి, ఆ ఊళ్ళో ఉన్నవారే దిక్కు. అంటే హామ్ ఆ మండలంలోనే ఉండాలి. సోంపేటలోనో, మందసలోనో, గారలోనో, భోగాపురంలోనో, పూసపాటిరేగలోనో, మీ బడిలోనే ఉండాలి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వటం మొదలుపెడితే లాభం లేదు. సెట్టును తిప్పటం, తీగ కట్టటం, ఓపికగా వినటం, ఇవన్నీ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే నేర్చుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లవాడో, పిల్లో తీగ ముక్కలూ, పాత రేడియోలూ ముందేసుకుని కూచుంటే, చదువు పాడవుతుందని కసురుకోకండి. ఈ పరీక్షకు చదవవలసినదంతా విద్యుత్తు, అయస్కాంతం, తరంగాలు. అంటే బడిలో చెప్పే భౌతికశాస్త్రమే. అయితే లైసెన్సు లేకుండా రేడియోలో మాట్లాడటం నేరమని మాత్రం పిల్లలకు ముందే చెప్పండి. ఏరియల్ తీగను కరెంటు తీగల దరిదాపులకు పోనివ్వకండి. ఉరుములు వినిపిస్తే ఏరియల్ జోలికి పోవద్దనండి. సైన్సు పంతులుగారు పూనుకుంటే బడిలోనే ఒక చిన్న క్లబ్బు పెట్టవచ్చు. అయిదుగురు పిల్లలూ, ఒక సెట్టూ, లైసెన్సు గల ఒక పెద్దా ఉంటే అదే ఒక క్లబ్బు.

పిల్లలూ, లైసెన్సు అక్కరలేకుండా ఈ వేళే చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. మీ ఊరి పేరు, మండలం పేరు, దగ్గిరి తుఫాను ఆశ్రయం, దగ్గిరి ఆస్పత్రి ఒక కాగితం మీద రాసి ఇంట్లో అంటించండి. మీ వీధిలో నడవలేని ముసలివాళ్ళు ఎందరో, పసిపిల్లలు ఎందరో లెక్కపెట్టండి. బాటరీతో నడిచే రేడియో ఒకటి ఇంట్లో ఉంచమని నాన్నగారిని అడగండి. ఈసారి మీ నోట "ట" వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఎవరు చూశారు?" అని అడగండి. అప్పుడే మీరు సగం హామ్ అయినట్టు!

మిగిలిన సగం కోసం ఇదుగో, ఒక మోర్సు కబురు. చుక్క అంటే పొట్టి చప్పుడు. గీత అంటే పొడుగు చప్పుడు. ముందు తాళం చెవి ఇస్తున్నాం:

ఆల్ఫా . –
ఎకో .
ఇండియా . .
కిలో – . –
లీమా . – . .
టాంగో –

ఇక కబురు వినండి. ఒక్కొక్క అక్షరానికీ మధ్య అడ్డగీత పెట్టాం. ఒక్కొక్క మాటలోని మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని వరసగా రాసుకుంటూ పోతే, శ్రీకాకుళం జిల్లాలో మీకు బాగా తెలిసిన ఒక ఊరు బయటపడుతుంది:

– / . / – . – / – . – / . – / . – . . / . .

ఏ ఊరో కనుక్కున్నారా? అయితే మీ స్నేహితుణ్ణి గది అవతల నిలబెట్టి, బల్ల మీద తట్టి ఇదే కబురు వినిపించండి. రాసుకున్నది తిరిగి అప్పజెప్పమనటం మాత్రం మరిచిపోకండి!